ఆగస్టు వానలో పుణె నుంచి పంచగని: అమ్మనీ పిల్లాడినీ తీసుకుని వెళ్లొచ్చా?

హింజవడి_అబ్బాయి

అందరికీ నమస్కారం. మేం పుణెలో ఉంటాం. అవనిగడ్డ దగ్గర మా ఊరి నుంచి అమ్మ వచ్చింది, నెలాఖరుకి వెళ్లిపోతుంది. ఈలోగా ఒక శని, ఆదివారాలు ఆవిడని ఎటైనా తిప్పి తీసుకురావాలని నేనూ మా ఆవిడా అనుకుంటున్నాం. మహాబలేశ్వర్ పక్కనున్న పంచగనిలో కొండవాలు మీద ఒక రిసార్ట్ చూశాం. మే నెలలో రాత్రికి పదకొండు వేలు చెప్పిన గదిని ఇప్పుడు నాలుగున్నర వేలకే ఇస్తామంటున్నారు, పొద్దున టిఫిన్‌తో కలిపి.

మా వాడికి ఏడేళ్లు. వాడికి అగ్నిపర్వతాల పిచ్చి. దక్కన్ పీఠభూమి అంతా లావాతో ఏర్పడిందని స్కూల్లో ఎవరో చెప్పారట. అప్పటి నుంచి "పంచగనిలో అగ్నిపర్వతం నోరు ఎక్కడుంటుంది? లోపలికి తొంగి చూడొచ్చా?" అని ఒకటే ప్రశ్నలు. నా దగ్గర జవాబు లేదు.

ఆఫీసులో మరాఠీ వాళ్లని అడిగితే వద్దంటున్నారు. ఇప్పుడు వెళ్తే మబ్బు తప్ప ఏమీ కనపడదు, స్ట్రాబెర్రీలు ఉండవు, మహాబలేశ్వర్ వేణ్ణా చెరువులో పడవలు కూడా ఉండవు, వెళ్లి గదిలో కూర్చుని రావడమే అంటున్నారు. అమ్మకి మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కువ ఎక్కలేదు. మాది పాత స్విఫ్ట్. మామూలు రోజుల్లో ఘాట్ రోడ్డు మీద నడిపాను గానీ వానలో ఎప్పుడూ నడపలేదు. అసలు టెన్షన్ అదే.

వెళ్లడం మంచిదేనా? వెళ్తే పంచగనిలో ఉండాలా, మహాబలేశ్వర్‌లోనా? అమ్మకి ఏం చూపించాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

సోలాపూర్_హైవే

ఈ నెలలో వద్దండి. పెద్దావిడ, చిన్న పిల్లాడు ఉన్నారు. 2021 జూలైలో ఏం జరిగిందో గుర్తుచేసుకోండి. ఆ నెల 22న మహాబలేశ్వర్‌లో ఒక్క రోజులో 590 మిల్లీమీటర్లకు పైగా వాన పడింది. అవతల పోలాద్‌పూర్ వైపు దిగే అంబేనళి ఘాట్ చాలాచోట్ల కొట్టుకుపోయి, చాలా రోజులు రాకపోకలు ఆగిపోయాయి. డిసెంబర్ దాకా ఆగండి, అప్పుడు స్ట్రాబెర్రీలు కూడా ఉంటాయి. అమ్మగారిని మళ్లీ రమ్మనండి.

ఘాట్‌రోడ్డు

పై ఆయన చెప్పింది నిజమే. ఆ రోజుల్లో నేను ఇక్కడే ఉన్నాను. కానీ అది అంబేనళి వైపు సంగతి, అంటే కొండకి పడమటి ముఖం. మీరు వెళ్లేది తూర్పు ముఖం మీదుగా. ఈ తేడా తెలియకే చాలామంది నాలుగు నెలలు ఆ కొండల జోలికి పోరు. అందుకే కాస్త పొడుగైనా వివరంగా రాస్తాను.

నాది కొవ్వూరు. రోడ్డు పనుల్లో సివిల్ ఇంజనీర్‌గా సతారా జిల్లాలో చాలా ఏళ్లు పనిచేశాను. ఈ కొండల్ని తొలిచి రోడ్డు వెడల్పు చేయడం, పక్కన గోడ కట్టడం, వానాకాలంలో జారిన మట్టి ఎత్తించడం, అదే నా బతుకు. ఈ రాయి అంటే నాకు ప్రాణం. కాబట్టి నా సలహా: వెళ్లండి. మహాబలేశ్వర్‌లో కాకుండా పంచగనిలో ఉండండి. పగలే ప్రయాణం చేయండి. రెడ్ అలర్ట్ ఉంటే మాత్రం ఇల్లు కదలొద్దు.

ముందు వాన లెక్క. మహాబలేశ్వర్‌లో ఏడాదికి ఐదున్నర వేల మిల్లీమీటర్లకు పైగా కురుస్తుంది. పోలిక కోసం, హైదరాబాద్‌లో సుమారు 800. అరేబియా సముద్రం నుంచి వచ్చే మబ్బులు పడమటి గోడకి కొట్టుకుని, పైకి లేచి, మోసుకొచ్చిందంతా అక్కడే దించేస్తాయి. పంచగని అక్కడికి ఇరవై కిలోమీటర్ల లోపే, తూర్పున ఉంది. అక్కడ కురిసేది ఇందులో సగం కూడా ఉండదు. ఇంకా కిందకి దిగి వాయి ఊరికి వస్తే రైతులు వాన చాల్లేదని ఆకాశం వైపు చూస్తూ కనపడే రోజులు కూడా ఉంటాయి. ఒకే పూటలో మహాబలేశ్వర్‌లో మూడడుగుల అవతల మనిషి కనపడకపోవచ్చు, పంచగనిలో జల్లు పడి ఆగి, మబ్బు విడిపోయి, కింద లోయంతా తేటగా కనపడవచ్చు. మీ ఆఫీసు వాళ్లు చెప్పింది మహాబలేశ్వర్ సంగతి.

ఇక మీ వాడి ప్రశ్న. నోరు లేదని చెప్పండి. నిరాశపడతాడు, ఆ వెంటనే ఇది కూడా చెప్పండి. ఇక్కడ లావా శంకువు ఆకారం కొండలోంచి ఎగజిమ్మలేదు. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట నేలలో పొడుగాటి పగుళ్లు పడి, వాటిలోంచి పొంగి, వరదలా పరుచుకుంది. అది గట్టిపడ్డాక మళ్లీ పొంగింది, దాని మీద ఇంకోటి పరుచుకుంది. అలా పొర మీద పొర చేరి, మహాబలేశ్వర్ దగ్గర కిలోమీటరుకు పైగా మందం పేరుకుంది. దీనిలో ఎక్కువ భాగం పది లక్షల ఏళ్ల లోపే పొంగిందని శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. ఇప్పటికీ మిగిలి ఉన్నది సుమారు ఐదు లక్షల చదరపు కిలోమీటర్లు. అంటే పంచగని అగ్నిపర్వతం కాదు. లావా పరుచుకున్న బల్లపరుపు నేలని నదులు కోసుకుంటూ పోతే, కోతకి గురికాకుండా మిగిలిన తునక. మీ వాడు తొంగి చూడాల్సింది బిలంలోకి కాదు, లోయలోకి. వాడు నిలబడే చోటు నుంచి కింద కృష్ణ పారే చోటు దాకా ఒకప్పుడు నిండా లావా రాయే ఉండేది.

ఇది చూడటానికి ఆగస్టు కంటే మంచి నెల లేదు. ఇది ప్రయాణం వాయిదా వేయించేవాళ్లకి తెలియని విషయం. ఏప్రిల్, మే నెలల్లో ఆ కొండలు గోధుమ రంగులో, ఎండుగడ్డితో, దుమ్ము ముసురులో ఉంటాయి. పొర ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోయిందో తెలియదు. వానాకాలంలో ప్రతి లావా పొరా విడిగా కనపడుతుంది. పొర మధ్యభాగం గట్టి నల్లరాయి, అది నిట్రంగా నిలబడుతుంది, దాని మీద గడ్డి మొలవదు. పొర పైభాగం గుల్ల, అది అరిగి వాలుగా మారుతుంది, దాని నిండా పచ్చగడ్డి. కాబట్టి కొండంతా ఒక నల్ల గీత, ఒక పచ్చ పట్టీ, మళ్లీ నల్ల గీత. ప్రతి నల్ల గీత అంచు నుంచీ ఒక జలపాతం జారుతుంది. కారులో కూర్చుని పిల్లాణ్ణి పొరలు లెక్కపెట్టమనండి. వాయి నుంచి పంచగనికి వెళ్లే పసర్ణీ ఘాట్ ఎక్కేసరికి వాడికి బాగా అలవాటైపోతుంది.

గుల్ల రాయి ముక్క దొరికితే వాడి చేతికివ్వండి. లావా చల్లారేటప్పుడు లోపలి గాలి బుడగలు పైకి చేరి అలాగే బిగుసుకుపోయాయి, పెనం మీద దోశెకి చిల్లులు పడ్డట్టు. ఆ చిల్లుల్లో తర్వాత నీళ్లు ఊరి తెల్లటి స్ఫటికాలు కట్టాయి. జియోలైట్లంటారు. పుణె చుట్టుపక్కల క్వారీల్లో దొరికినవి ప్రపంచమంతా మ్యూజియాల్లో ఉన్నాయి. మీ వాడికి రోడ్డు పక్క కంకరలో తెల్లచుక్కల రాయి దొరకడం కష్టమేమీ కాదు. కానీ కొండ కోసిన గోడ దగ్గరికి మాత్రం పంపొద్దు. ఎందుకో కింద చెప్తాను.

దారి: పుణె నుంచి సతారా హైవే, అంటే 48వ నంబరు జాతీయ రహదారి. కాత్రజ్ దాటి ఖేడ్ శివాపూర్ టోల్, శిర్వళ్, ఆ తర్వాత ఖంబాట్కీ ఘాట్. పంచగని దాకా సుమారు వంద కిలోమీటర్లు. శనివారం పొద్దున ఆరింటికల్లా ఇల్లు వదలండి. ఎనిమిది దాటితే కాత్రజ్ దగ్గరే గంట పోతుంది. సురూర్ దగ్గర హైవే వదిలి కుడివైపు వాయి రోడ్డు పట్టుకోవాలి. వాయిలో పెట్రోలు, గాలి చూసుకుని, టీ తాగి ఘాట్ ఎక్కండి.

వాయిలో అమ్మగారికి ఢోల్యా గణపతి గుడి చూపించండి. ఒకే రాతిలో చెక్కిన పెద్ద విగ్రహం, మెట్లు తక్కువ. గుడి కృష్ణ ఒడ్డునే ఉంది. గుడి వెనక గోడ చూడటం మరిచిపోవద్దు. వరద నీరు రెండు పాయలుగా చీలి పక్కలకి పోయేలా దాన్ని చేప ఆకారంలో కట్టారు. 1762 నాటి కట్టడం. ఏటా కృష్ణ వరద తాకుతున్నా నిలబడే ఉంది. గోడలు కట్టించే పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి నేనెప్పుడు వాయి వెళ్లినా ఆ గోడ దగ్గర కాసేపు ఆగుతాను. ఆగస్టులో నీళ్లు ఎక్కువగా ఉంటాయి, రేవు మెట్ల మీదకి మాత్రం పిల్లాణ్ణి దిగనీయొద్దు.

ఇప్పుడు ఘాట్ డ్రైవింగ్. వాయి నుంచి పంచగని పన్నెండు కిలోమీటర్ల చిల్లర. రోడ్డు బాగుంటుంది. ఎక్కేటప్పుడు రెండో గేరు, దిగేటప్పుడు కూడా రెండో గేరే. దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టి కూర్చోవద్దు, ఇంజన్ బండిని పట్టుకోవాలి. మబ్బు కమ్మితే హెడ్‌లైట్ లో బీమ్‌లో పెట్టండి. హై బీమ్ వేస్తే మీ వెలుతురే మీ కళ్లలో పడుతుంది. నడుస్తున్న బండికి నాలుగు ఇండికేటర్లూ వేయొద్దు, వెనకవాడికి మీరు ఎటు తిరుగుతున్నారో తెలియదు. అద్దం లోపల ఆవిరి పడితే ఏసీ గాలి అద్దం వైపు తిప్పండి. వైపర్ రబ్బర్లు ఈ వారమే మార్చండి, మూడు నాలుగు వందలతో పోతుంది. టైరు గాడి అరిగిపోయి ఉంటే ట్రిప్ మానేయండి, టైరు మార్చండి. పాత స్విఫ్ట్ అని దిగులు పడకండి, ఆ ఘాట్‌కి అది చాలు.

అన్నిటికంటే ముఖ్యమైనది: కొండ కోసిన గోడ పక్కన బండి ఆపొద్దు, ఫొటో కోసం అసలే వద్దు. రెండు లావా పొరల మధ్య అక్కడక్కడా ఎర్రమట్టి పొర కనపడుతుంది. ఒక లావా వరద ఆగి ఇంకోటి వచ్చేలోపు, పై రాయి ఎండకీ వానకీ మట్టిగా మారింది. తర్వాతి లావా దాని మీద పరుచుకుని దాన్ని కాల్చేసింది. ఇటుక రంగుకి అదొక కారణం. చూడటానికి చాలా అందంగా ఉంటుంది. పిల్లాడికి కారులోంచే చూపించండి. కానీ పై రాయి పగుళ్లలోంచి దిగిన నీళ్లన్నీ ఆ మట్టి దగ్గర ఆగి బయటికి ఊరతాయి. అది నాని మెత్తబడితే పైనున్న రాయికి ఆధారం పోతుంది. మేం గోడలు కట్టిందీ ఇనుప వలలు బిగించిందీ ఎక్కువగా అలాంటి చోట్లే. గోడలోంచి తేట నీళ్లు కారుతుంటే భయం లేదు, ఏటా కారేవే. మట్టి నీళ్లతో పాటు చిన్న చిన్న రాళ్లు దొర్లుతూ కనపడితే ఆగకుండా ముందుకు పోండి.

ఆగాలనుకుంటే ఘాట్ ఎక్కేశాక పంచగని చేరుతుండగా హారిసన్స్ ఫాలీ అనే చదును ఉంది, అక్కడ ఆగండి. లేదా ఊళ్లో సిడ్నీ పాయింట్, పార్సీ పాయింట్. రెండు చోట్ల నుంచీ ధోమ్ డ్యామ్ నీళ్లు, కృష్ణ లోయ కనపడతాయి. కారు దగ్గరగా వెళ్తుంది కాబట్టి అమ్మగారికి నడక తక్కువ.

టేబుల్ ల్యాండ్ గురించి ఒక్క మాట. పంచగని మీదున్న ఆ చదును మైదానం పైన పరిచినట్టున్న ఎర్రరాయి కూడా ఒకప్పుడు లావాయే. లక్షల ఏళ్ల వానలు దానిలో కరిగేవన్నీ కరిగించి తీసుకుపోగా ఇనుము, అల్యూమినియం మిగిలి గట్టి రాయిలా అయింది, లేటరైట్ అంటారు. వికారాబాద్ అనంతగిరి కొండల మీద ఉన్నది ఇదే రకం రాయి. ఆ టోపీ వల్లే కొండ నెత్తి చదునుగా మిగిలింది. ఆగస్టులో అక్కడ నీటి గుంటలు, చిన్న చిన్న పూలు, జారే నాచు. గుర్రాల వాళ్లు ఉంటే ఉంటారు. వానలో పిల్లాణ్ణి గుర్రం ఎక్కించొద్దు. అంచుకి పోవద్దు, గాలి చాలా ఉధృతంగా ఉంటుంది.

హింజవడి_అబ్బాయి

సార్, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. మా వాడికి చదివి వినిపించాను. నోరు లేదంటే మొహం మాడ్చుకున్నాడు, వరదలా పరుచుకుందనగానే మళ్లీ మొదలెట్టాడు. ఇప్పుడు "ఆ లావా నానమ్మ వాళ్ల ఊరి దాకా వచ్చిందా?" అంటున్నాడు. రాలేదనే చెప్పాను.

ఇంకో మాట. కృష్ణ మహాబలేశ్వర్‌లో పుడుతుందని విని అమ్మ కదిలిపోయింది. పుట్టినప్పటి నుంచీ కృష్ణ కాలువ నీళ్లే తాగింది, 2016 పుష్కరాలకి విజయవాడలో స్నానం చేసింది, హంసలదీవి మాకు ఇంటి పక్కనే. పుట్టిన చోటు ఒక్కసారి చూడాలి అంటోంది. మహాబలేశ్వర్ వద్దంటే ఒప్పుకునేలా లేదు.

సతారా_కోడలు

తమ్ముడూ, మాది గుంటూరు, మెట్టినిల్లు సతారా. వాన, రోడ్డు సంగతి పెద్దాయన చెప్పారు కాబట్టి నేను గది సంగతి చెప్తాను.

ఆఫ్ సీజన్‌లో రేటు తగ్గించేది ఊరికే కాదు. ఫోన్ చేసి మూడు విషయాలు గట్టిగా అడుగు. కరెంటు పోతే జనరేటర్ గదులకి కూడా ఇస్తారా, లేక హాలుకి మాత్రమేనా? రాత్రి భోజనం ఉంటుందా? జనం తక్కువని వంటవాళ్లని పంపేసే చోట్లు ఉన్నాయి. గది లోయ అంచున ఉందా, లోపలి వైపా? అందరూ వ్యూ గది అడుగుతారు. వానాకాలంలో ఆ కిటికీ సందుల్లోంచి రాత్రంతా గాలి ఈలలు వేస్తుంది, పరుపు చెమ్మెక్కుతుంది. మా అత్తగారిని తీసుకుని ఒక చోట దిగినప్పుడు దుప్పట్లు తడి వాసన, గోడకి బూజు. తెల్లార్లూ ఆవిడ దగ్గుతూనే ఉన్నారు. లోపలి వైపు, కింది అంతస్తు గది అడుగు. కానీ కొండవాలు రిసార్టుల్లో రిసెప్షన్ పైన, గదులు కింద ఉంటాయి. అమ్మకి మోకాళ్లు కాబట్టి ఎన్ని మెట్లో ముందే అడుగు.

గొడుగు పనికిరాదు, గాలికి తిరగబడుతుంది. అందరికీ రెయిన్‌కోట్లు, అమ్మకి రబ్బరు అడుగున్న చెప్పులు. చీర తడిస్తే గదిలో ఆరదు, కాబట్టి రెండు చీరలు అదనంగా పెట్టు. పిల్లాడికి సాక్సులు బోలెడన్ని. నొప్పులకి రాసుకునే మందు, వేడినీళ్ల సంచీ మరిచిపోవద్దు, ఆ చలికి మోకాళ్లు పట్టేస్తాయి.

వాన అసలు వదలకపోతే పంచగని దగ్గర భిలార్ వెళ్లండి. 2017లో ప్రభుత్వం దాన్ని పుస్తకాల ఊరుగా చేసింది. ఊళ్లో వాళ్ల ఇళ్లలోనే అలమారాల్లో పుస్తకాలు పెట్టారు, ఎవరైనా వెళ్లి కూర్చుని చదువుకోవచ్చు. ఎక్కువ మరాఠీ పుస్తకాలే, కానీ పిల్లాడు బొమ్మలు చూసుకుంటాడు. స్ట్రాబెర్రీ పండించే ఊరు కూడా అదే, ఇప్పుడు పంట ఉండదు. దార్లో మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్ముతారు. ఝుణ్కా అనే శనగపిండి కూర, జొన్న భాకరీ దొరికితే అమ్మకి తినిపించు. మన జొన్నరొట్టే, ఇబ్బంది పడదు. సతారా దగ్గరి కాస్ పీఠభూమి పూలు ఈ ట్రిప్‌లో కలపొద్దు. అవి ఆగస్టు చివర మొదలై సెప్టెంబర్‌లో నిండుగా పూస్తాయి. దానికి ముందే ఆన్‌లైన్‌లో టికెట్ తీసుకుని విడిగా రావాలి.

ఘాట్‌రోడ్డు

సతారా కోడలు గారు చెప్పినవన్నీ అక్షరాలా పాటించండి.

ముందు పిల్లాడికి సమాధానం. రాలేదని చెప్పారు కదా, ఆ మాట వెనక్కి తీసుకోండి. అవనిగడ్డ దాకా రాలేదు గానీ, మా ఊరి దాకా వచ్చింది. కొవ్వూరు పక్కన పంగిడి క్వారీలు మీకు తెలిసే ఉంటాయి, గోదావరి జిల్లాల్లో సగం ఇళ్ల స్లాబుల్లో పడిన కంకర అక్కడిదే. నది అవతల రాజమండ్రి దగ్గర కాతేరులో కూడా అదే నల్లరాయి. మధ్యలో వందల కిలోమీటర్ల మేర ఈ లావా జాడే లేదు, గోదావరి గట్టున మాత్రం హఠాత్తుగా ఉంది. దాని వయసు, రసాయన గుణాలు పరీక్షిస్తే మహాబలేశ్వర్, అంబేనళి దగ్గరి పొరలతో సరిపోయాయి. పడమటి కనుమల వైపు పొంగిన లావా పాత నదీ లోయల వెంట సుమారు వెయ్యి కిలోమీటర్లు ప్రవహించి, అప్పటి సముద్రం ఒడ్డు దాకా చేరిందని చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం. భూమ్మీద మనకి తెలిసిన అతి పొడుగాటి లావా ప్రవాహాల్లో అవి కూడా ఉన్నాయి.

నేను చిన్నప్పుడు పంగిడి రాయి కొట్టే లారీల దుమ్ములో బడికి నడిచినవాణ్ణి. ఉద్యోగానికి ఇంత దూరం వచ్చి, అదే లావా పుట్టిన చోట మళ్లీ అదే రాయి కొట్టించాను. ఈ విషయం తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. మీ వాడికి తప్పకుండా చెప్పండి.

ఇప్పుడు అమ్మగారి సంగతి. ఆవిడ కోరిక న్యాయమైనది. నేను వద్దన్నది మహాబలేశ్వర్‌లో రాత్రి ఉండటం. పగటిపూట వెళ్లి రావచ్చు. శనివారం పంచగనిలో దిగి విశ్రాంతి తీసుకోండి. ఆదివారం పొద్దున ఏడున్నరకల్లా బయల్దేరి నేరుగా క్షేత్ర మహాబలేశ్వర్ వెళ్లండి. పాత మహాబలేశ్వర్ అని కూడా అంటారు, బజారు నుంచి ఆరు కిలోమీటర్లు. అక్కడి పంచగంగ గుడిలో రాతి గోముఖంలోంచి నీళ్లు వస్తాయి. కృష్ణ, వేణ్ణా, కోయనా, సావిత్రి, గాయత్రి, ఐదూ అక్కడే పుట్టాయని నమ్మకం. వానాకాలంలో గుడి లోపల నీటి చప్పుడుకి పక్క మనిషి మాట వినపడదు. జనం తక్కువ కాబట్టి అమ్మగారు ఎంతసేపైనా కూర్చోవచ్చు. మే నెల రద్దీలో అయితే చేతులు కడుక్కునేలోపే వెనకవాళ్లు నెట్టేస్తారు.

అక్కడికి దగ్గర్లోనే కృష్ణాబాయి గుడి ఉంది. నల్లరాతి గుడి, నాచు పట్టి, ఎదురుగా కృష్ణ లోయ. చాలా అందమైన చోటు. కానీ ఆగస్టులో దారి జారుతుంది, అమ్మగారిని తీసుకెళ్లొద్దు. మీరు పిల్లాణ్ణి తీసుకుని చూసి రండి, ఆవిడా మీ ఆవిడా పంచగంగ దగ్గరే ఉంటారు.

అమ్మగారితో ఈ మాట చెప్పండి. అక్కడి నుంచి అరేబియా సముద్రం గీత గీస్తే అరవై ఐదు కిలోమీటర్లే. కానీ కృష్ణ ఆ వైపు చూడలేదు, పద్నాలుగు వందల కిలోమీటర్లు నడిచి హంసలదీవి దగ్గర సముద్రంలో కలిసింది. కారణం ఈ రాయే. లావా పలక పడమటి అంచున నిట్రంగా తెగిపోయి ఉంది, అక్కడి నుంచి తూర్పుకి మెల్లగా వాలి ఉంది. అంచుకి అవతల పడిన నీళ్లు సావిత్రిగా కొంకణంలోకి దూకాయి. ఇవతల పడినవి కృష్ణగా మన వైపు వచ్చాయి. వేణ్ణా సతారా దగ్గర, కోయనా కరాడ్ దగ్గర వచ్చి కృష్ణలోనే కలుస్తాయి.

వాతావరణ శాఖ హెచ్చరిక శుక్రవారం రాత్రి ఒకసారి, ఆదివారం పొద్దున ఇంకోసారి చూడండి. సతారా జిల్లా ఘాట్ ప్రాంతాలకి విడిగా ఇస్తారు. ఎల్లో అయితే వెళ్లండి. ఆరెంజ్ అంటే 24 గంటల్లో 115 మిల్లీమీటర్లు దాటొచ్చని. అప్పుడు పంచగనిలోనే ఆగిపోండి, గుడికి వెళ్లొద్దు. రెడ్ అంటే 204 దాటొచ్చని. శుక్రవారం రెడ్ ఉంటే గది డబ్బులు పోయినా సరే, ఇంట్లోనే ఉండండి. ప్రతాప్‌గఢ్ చూద్దామని ఎవరైనా ఆశపెడితే ఒప్పుకోవద్దు, ఆ దారి అంబేనళి ఘాట్‌లో దిగుతుంది.

సోలాపూర్_హైవే

పంచగని వైపు వాన అంత తక్కువని నాకు తెలియదు. మహాబలేశ్వర్‌లో ఉండకుండా పగటిపూట వెళ్లి వచ్చేస్తే సరే. తిరుగు ప్రయాణంలో ఆదివారం సాయంత్రం సతారా హైవే మీద పుణె వైపు ట్రాఫిక్ చాలా ఎక్కువ ఉంటుంది, అది కూడా లెక్కేసుకోండి.

హింజవడి_అబ్బాయి

ముగ్గురికీ చాలా థాంక్స్. రిసార్ట్‌కి ఫోన్ చేశాను. జనరేటర్ గదులకి ఉందట, రాత్రి భోజనం చెప్తే చేస్తారట. కింది గదులకి నలభై మెట్లు అన్నారు. అడిగితే రిసెప్షన్ పక్కనే, లోయ వైపు కాని గది ఒకటి చూపించారు, అదే తీసుకున్నాను. వైపర్లు మార్చాను. వెనక టైర్లు రెండూ రేపు మారుస్తాను.

సార్, ఒకటే అనుమానం. ఆదివారం గుడి చూసుకుని పంచగనికి రాకుండా మహాబలేశ్వర్ నుంచి మేఢా మీదుగా సతారా వచ్చి పుణె పోతే దగ్గరవుతుందా? అమ్మకి వేణ్ణా లోయ కూడా చూపించినట్టుంటుంది.

ఘాట్‌రోడ్డు

దగ్గరేమీ కాదు, ఇంకా దూరం. ఆ ఘాట్‌లో జనం తక్కువ, బండి ఆగితే సాయం దొరకడం ఆలస్యం. మొదటిసారి వానలో నడిపేవాళ్లు పొద్దున ఎక్కిన దారినే దిగడం మంచిది, మలుపులు గుర్తుంటాయి. పదకొండున్నరకి గుడి దగ్గర బయల్దేరండి, పంచగనిలో భోంచేయండి, రెండింటికల్లా పసర్ణీ ఘాట్ దిగిపోండి. అలా అయితే వాయి దగ్గర మేణవలిలో అరగంట ఆగవచ్చు. పీష్వాల మంత్రి నానా ఫడ్నవీస్ వాడా, అంటే పెద్ద భవంతి, కృష్ణ ఒడ్డున రాతి రేవు, అక్కడో చిన్న మంటపంలో పెద్ద గంట. మరాఠాలు 1739లో వసాయి కోట గెలిచినప్పుడు తెచ్చిన పోర్చుగీసు చర్చి గంట అది. రేవు మెట్లు తడిగా ఉంటే పై నుంచే చూడండి. నాలుగింటికల్లా హైవే ఎక్కితే ఆదివారం రద్దీ కంటే ముందు ఉంటారు. వచ్చేటప్పుడు ఖంబాట్కీ దగ్గర ఘాట్ ఉండదు, పుణె వైపు బళ్లు సొరంగంలోంచి వెళ్తాయి. అది కూడా ఆ లావా పొరల్ని తొలిచి వేసిందే, పిల్లాడు నిద్రపోతుంటే లేపి చెప్పండి.

టైర్లు మార్చాక చక్రాల బ్యాలెన్సింగ్ చేయించడం మరిచిపోకండి. శుక్రవారం రాత్రి అలర్ట్ ఏ రంగు వచ్చిందో ఇక్కడ రాయండి, చూసి చెప్తాను.